చర్మమును మొద్దుబార్చు లేపనములు: వాని కూర్పు, నిలుకడ

ఉపోద్ఘాతము

హౌరా–ముంబయి రైలుమార్గముపై బిలాస్‌పూరు, భాటాపారా స్టేషన్ల నడుమ బిల్హా అను చిన్న పట్టణము కలదు. ఇది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున బిలాస్‌పూరు జిల్లాలోనిది. బెంగాలు–నాగపూరు రైల్వే కాలము మొదలుకొని ఉద్యోగములకై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు ఈ ప్రాంతమున నేటికిని కలవు. వారిని, వారివలె మిక్కిలి వేడిగల సీమలందు నివసించు తెలుగువారిని ఉద్దేశించి ఈ పాఠము వ్రాయబడినది. ఔషధశాలలందు పనిచేయువారు, నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు, ఫార్మసీ విద్యార్థులు దీనిని ముఖ్యముగా చదువవలెను. పిల్లల తల్లిదండ్రులకు ఇందలి చివరి భాగములు ప్రత్యేకముగా ఉపయోగపడును.

ఇచ్చట ఈ విషయమునకు రెండు కారణములచేత ప్రాముఖ్యము కలిగినది. మొదటిది కొడవలికణ రక్తహీనత, అనగా సికిల్ సెల్ వ్యాధి. ఈ వ్యాధి విరివిగా కనబడు రాష్ట్రములలో ఛత్తీస్‌గఢ్ ఒకటి. దీని నిర్మూలనకై జాతీయ కార్యక్రమము 2023 జూలై 1వ తేదీన పొరుగు రాష్ట్రమైన మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభింపబడినది. ఈ వ్యాధిగల బిడ్డకు మాటిమాటికి రక్తము తీయవలసి యుండును. సిరలోనికి సూది గ్రుచ్చవలసి యుండును. ఒకసారి పొడిచిన బాధ మరచుటకు ముందే రెండవ సూది సిద్ధమగును. అట్టి బిడ్డ ఆసుపత్రి గడపను చూచిన మాత్రముననే ఏడ్చుట సహజము. సూది గ్రుచ్చు చోట ముందుగా చర్మమును మొద్దుబార్చు లేపనమును పూసినచో ఈ బాధ చాలవరకు తగ్గును.

రెండవ కారణము ఎండ. బిలాస్‌పూరు ప్రాంతమున వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరు దినములు కలవు. రేకుల కప్పు క్రింద నున్న మందుల దుకాణములో, ఎండలో నిలిచిన బండిలో వేడి ఇంకను హెచ్చు. ఆ వేడికి నిలువలేని లేపనము బాధను తీర్చకపోవుటయే గాక బిడ్డకు హాని కూడ చేయగలదు. అందుచేత లేపనమును నమ్ముటకు ముందు అది దేనిచేత నిలుచునో, దేనిచేత చెడునో తెలిసికొనవలెను.

మొద్దుబార్చు మందుల చరిత్ర

శరీరములో ఒక్క చోటనే స్పర్శను, నొప్పిని తాత్కాలికముగా అణచు మందులకు స్థానిక మత్తుమందులని పేరు. 1884లో వియన్నా నగరమున కార్ల్ కోలర్ అను వైద్యుడు కొకెయిన్ ద్రావణమును కంటిలో వేసి, రోగి మెలకువగా నుండగనే కంటి శస్త్రచికిత్స చేయవచ్చునని నిరూపించెను. కాని కొకెయిన్ వ్యసనమును కలిగించు విషము. కావున దానికి బదులైనదానిని రసాయన శాస్త్రజ్ఞులు వెదకిరి. జర్మనీ దేశీయుడైన ఆల్‌ఫ్రెడ్ ఐన్‌హార్న్ తయారుచేసిన ప్రొకెయిన్ 1905లో వైద్యలోకమునకు తెలిసెను. 1943లో స్వీడన్ దేశమున నీల్స్ లోఫ్‌గ్రెన్ లిడోకెయిన్‌ను కనుగొనెను. 1948లో అది విక్రయమునకు వచ్చెను. నేడు దంతవైద్యుని సూదిలోను, గాయమునకు కుట్లు వేయునపుడును ఎక్కువగా వాడబడునది ఇదియే.

ఈ మందులలో రెండు జాతులు కలవు. కొకెయిన్, ప్రొకెయిన్, బెంజొకెయిన్, టెట్రకెయిన్ అనునవి ఎస్టరు జాతివి. లిడోకెయిన్, ప్రిలోకెయిన్ అనునవి అమైడు జాతివి. ఎస్టరు బంధము నీటి సాంగత్యమున మెల్లగా తెగును. క్షారగుణముగల నీటిలో మరింత వేగముగా తెగును. అమైడు బంధము గట్టిది. లిడోకెయిన్ అణువులో ఆ బంధమునకు దాపుగా రెండు మిథైలు సమూహములు కావలి కాచుచున్నట్లు నిలిచియుండుటచేత అది మరింత భద్రముగా నుండును. కాగుచున్న నీటి వేడికి కూడ అది సులభముగా చెడదు. ఈ భేదమును జ్ఞాపకముంచుకొనవలెను. లేపనము కూర్పులో దీని అవసరము ముందు కనబడును.

చర్మము అను గోడ

సూదితో ఎక్కించిన మందు నాడి చెంతకు తిన్నగా చేరును. చర్మముపై పూసిన మందునకు అంత సులభమైన దారి లేదు. చర్మము యొక్క పై పొర చచ్చిన కణములతో ఏర్పడినది. దాని మందము సాధారణముగా మిల్లీమీటరులో నూరవ వంతు నుండి ఏబదవ వంతు వరకే యుండును. అయినను అది గట్టి గోడ. కణములు ఇటుకల వలె పేర్చబడి, వాని నడుమ క్రొవ్వు పదార్థము సున్నమువలె నింపబడియుండును. దేహములోని నీరు బయటకు పోకుండ, బయటి విషములు లోనికి రాకుండ కాపాడునది ఈ గోడయే.

ఈ గోడను దాటవలెనన్నచో మందు క్రొవ్వులో కరగవలెను. దానిని దాటిన పిమ్మట నీటి మయమైన క్రింది పొరలలో కొంత కరగవలెను. అంతేగాక మందు కరిగియున్న స్థితిలోనే కదలును. లేపనములో గట్టి రేణువుగా మిగిలిన మందు, ఎంత యున్నను, చర్మముపై ఇసుకవలె పడియుండునే గాని లోనికి పోదు.

మందు యొక్క రెండు రూపములు

స్థానిక మత్తుమందులు బలహీనమైన క్షారములు. ఇవి రెండు రూపములలో నుండును. ఆమ్లముతో కలిసి లవణముగా మారినపుడు విద్యుదావేశమును పొంది నీటిలో చక్కగా కరగును, కాని క్రొవ్వు గోడను దాటలేదు. ఆవేశము లేని శుద్ధ క్షారరూపము క్రొవ్వులో కరిగి గోడను దాటును, కాని నీటిలో బహు తక్కువగా కరగును. సూదిమందుకు లవణరూపము అనుకూలము; చర్మముపై పూతకు క్షారరూపము కావలెను.

ఏ రూపము ఎంత యుండవలెనో నిర్ణయించునది లేపనము యొక్క పి.హెచ్. విలువ. నీటి ఆమ్ల, క్షార గుణములను కొలుచు ఈ మానములో 7 తటస్థము. అంతకు తక్కువ ఆమ్లము, ఎక్కువ క్షారము. లిడోకెయిన్ విషయమున 7.9 వద్ద రెండు రూపములు సగము సగముగా నుండును. లెక్కవేసి చూచినచో:

పి.హెచ్. 5.9 అయినపుడు క్షారరూపము నూటికి 1 పాలు మాత్రమే యుండును.
పి.హెచ్. 7.9 అయినపుడు నూటికి 50 పాళ్లు.
పి.హెచ్. 9.4 అయినపుడు నూటికి సుమారు 97 పాళ్లు.

అనగా ఒకే తూకపు మందును రెండు లేపనములలో కలిపి, ఒకదానిని ఆమ్లముగను, రెండవదానిని క్షారముగను ఉంచినచో, మొదటిది మొద్దుబార్చలేదు, రెండవది మొద్దుబార్చును. పెట్టెపై రెండింటికిని ఒకే అంకె వ్రాసియుండవచ్చును. అంకె ఒక్కటే లేపనపు బలమును తెలుపదనుటకు ఇది మొదటి నిదర్శనము.

పి.హెచ్.ను ఇంకను పెంచరాదా యని ప్రశ్న కలుగవచ్చును. 10.4కు పెంచినను క్షారరూపము 97 నుండి 99.7 పాళ్లకే పెరుగును. లాభము స్వల్పము, చర్మము మండుట మాత్రము అధికము. అందుచేత 9 దాటిన కొలది దూరములో ఆగుట ఉచితము. ఇట్టి క్షారపు నీటిలో ఎస్టరు జాతి మందులు త్వరగా విచ్ఛిన్నమగునని పైన చెప్పితిమి. విదేశములలో అమ్ముడగు టెట్రకెయిన్ జెల్లును శీతలపెట్టెలో నుంచుమని చెప్పుటకు కారణమిదియే. శీతలపెట్టె ఆధారము లేని గ్రామ కేంద్రములకు అమైడు జాతియే తగినది.

రెండు పొడులు కలిసి నూనెయగుట

ఇప్పుడొక చిక్కు ఎదురగును. క్షారరూపములోని లిడోకెయిన్ ఒక తెల్లని పొడి. 68 డిగ్రీల వద్ద గాని కరగదు. లీటరు నీటిలో కొలది గ్రాములకు మించి అది ఇమడదు. దానిని ఏదైన నూనెలో కరగించి, ఆ నూనెను నీటిలో చిలికి లేపనము చేయవచ్చును. కాని నూనె దానిలో అయిదవ వంతు మందును మించి పట్టుకొనలేదు. పైగా మందునకు నూనెపై మక్కువ యెక్కువ యగుటచే దానిని విడిచి చర్మములోనికి పోవుటకు తొందరపడదు.

ఈ చిక్కును 1980ల తొలి సంవత్సరములలో స్వీడన్ దేశపు ఆస్ట్రా సంస్థలోని శాస్త్రజ్ఞులు విడదీసిరి. వారి ఉపాయము మన ఇండ్లలో ఎరిగినదే. వాము పువ్వు, పిప్పరమెంటు పువ్వు, కర్పూరము అను మూడు గట్టి పదార్థములను ఒక సీసాలో వేసి యుంచినచో, నీరుగాని నూనెగాని పోయకుండగనే అవి కరిగి ద్రవమగును. అమృతధార యను పేర దీనిని ఎందరో వాడుదురు. ఒక పదార్థపు స్ఫటికము కట్టుకొనుటకు రెండవది అడ్డుపడుటచే రెండింటి ద్రవీభవన స్థానమును దిగజారును.

లిడోకెయిన్, ప్రిలోకెయిన్ పొడులను సమభాగములుగా కలిపినపుడు ఇట్లే జరుగును. లిడోకెయిన్ 68 డిగ్రీల వద్దను, ప్రిలోకెయిన్ సుమారు 38 డిగ్రీల వద్దను కరగునవి కాగా, వాని మిశ్రమము 18 డిగ్రీల వద్దనే నూనెగా మారును. అనగా మందే నూనె. వేరుగా నూనె అక్కరలేదు. ఆ మందునూనెను నీటిలో సన్నని బిందువులుగా చిలికినచో ఒక్కొక్క బిందువులో నూటికి సుమారు 80 పాళ్లు మందే యుండును. మొత్తము లేపనములో మందు 5 పాళ్లే: లిడోకెయిన్ 2.5, ప్రిలోకెయిన్ 2.5. ఎమ్లా యను పేర ప్రసిద్ధమైన ఈ లేపనమును, ఇదే కూర్పుతో పలు కంపెనీలు చేయు లేపనములను నేడు మన దేశములో వైద్యులు వాడుచున్నారు. అధిక మందును కలుపుటచేత గాక, కొద్దిపాటి మందును సరియైన రూపమున నిలుపుటచేత బలము కలిగిన దానికి ఇది మంచి ఉదాహరణము.

లేపనములోని ఇతర పదార్థములు

ఈ లేపనములో మందుగాక నాలుగే పదార్థములు కలవు. నూనె బిందువులు నీటిలో నిలుచుటకు ఎమల్షనుకారి, నీటిని చిక్కబరచుటకు కార్బోమర్, పి.హెచ్.ను సరిచేయుటకు సోడియం హైడ్రాక్సైడు, తక్కినది శుద్ధజలము.

ఎమల్షనుకారి అణువునకు ఒక కొన నూనెపై, మరియొక కొన నీటిపై ప్రీతి యుండును. అది ప్రతి బిందువు చుట్టును పొరగా నిలిచి రెండు బిందువులు కలిసిపోకుండ చేయును. కార్బోమర్ ఆమ్లపు నీటిలో పలుచగా నుండును; క్షారము చేర్చినపుడు దాని పొడవైన గొలుసులు ఆవేశమును పొంది, ఒకదానినొకటి నెట్టుకొని విచ్చుకొని, నీటిని జిగురువలె చిక్కబరచును. బిందువులు ఆ చిక్కదనములో చిక్కుకొని కదలకుండును.

ఇందొక విశేషము గమనింపదగియున్నది. క్షారగుణమునకు సూక్ష్మజీవులు పెరుగనందున ఈ లేపనమునకు వేరుగ క్రిమినిరోధక పదార్థము అవసరము లేకపోయెను. కావున పి.హెచ్. 9.4 అను ఒక్క ఏర్పాటు మూడు పనులను చేయుచున్నది: మందును చర్మము దాటు రూపములో నుంచుట, లేపనమును చిక్కబరచుట, సూక్ష్మజీవులను అడ్డుట. ఈ ఏర్పాటు చెడినచో మూడును ఒక్కసారిగ చెడును. ఈ లేపనములో మరియొక క్రీమును, నిమ్మరసమును, పౌడరును, లవణరూప మందును కలిపిన వాడు తెలియకయే ఈ కీలును ఊడదీయుచున్నాడు. ముఖ్యముగా లవణములు చేరినపుడు కార్బోమర్ తన చిక్కదనమును కోల్పోయి నీరుగారును.

లేపనము చెడు విధములు

1. తేరుట. పాలపై మీగడ తేలునట్లు బిందువులు ఒక ప్రక్కకు చేరును. బిందువు ఎంత పెద్దదైన అంత వేగముగా కదలును. బిందువు వ్యాసము సగమైనచో వేగము నాలుగవ వంతగును. ప్యాకెట్టు పాలలో వెన్న బిందువులను సన్నముగా చిదుపుటచే మీగడ త్వరగా కట్టకపోవుట అందరు చూచినదే. ఈ దశలో లేపనము ఇంకను విరుగలేదు గాని, అది విరుగుటకు దారి తీయును.

2. విరుగుట. బిందువుల చుట్టునున్న పొర తెగి, అవి ఒకటిగా కలిసి నూనె వేరుపడును. వేడి ఇందుకు ముఖ్య కారణము. వేడిచేత బిందువుల కదలిక హెచ్చును, నీటి చిక్కదనము తగ్గును, తాకిడులు పెరుగును. గడ్డకట్టించిన లేపనము కూడ విరుగును. మంచు స్ఫటికములు బిందువులను ఒకదానిపై నొకటి నొక్కి పొరను చీల్చును. అందుచేత శీతలపెట్టె యొక్క మంచు అరలో దీనిని పెట్టరాదు.

3. స్ఫటికము కట్టుట. ఒకే మందును పూర్ణముగా కరగించి చేసిన లేపనములలో, పగటి వేడికి కరిగిన మందు రాత్రి చల్లదనమునకు స్ఫటికమగును. వ్రేళ్ల మధ్య రుద్దినచో గరుకుగా తగులును. ఆ గరుకు మందు చర్మములోనికి పోదు.

4. నీరు ఆవిరియగుట. మూత సరిగా బిగించని ట్యూబులో నీరు తగ్గి, మిగిలిన లేపనములో మందు పాలు హెచ్చును.

5. రసాయనిక మార్పు. అమైడు జాతి మందులు గట్టివైనను కాలక్రమమున కొంత విచ్ఛిన్నము కావచ్చును. లిడోకెయిన్ నుండి డైమిథైల్ అనిలీన్, ప్రిలోకెయిన్ నుండి ఆర్థో టొలుయిడీన్ అను పదార్థములు పుట్టును. ఇవి హానికరములు. వీని పరిమితిని ప్రయోగశాలలో పరీక్షింపవలెను.

విరిగిన లేపనమువలని ప్రమాదమును ఒక లెక్కచే గ్రహింపవచ్చును. నూటికి 5 పాళ్లు మందుగల లేపనములో నూనె వేరుపడినదనుకొనుడు. ట్యూబు నుండి మొదట వచ్చిన 2 గ్రాములలో 1 పాలే మందుండి, తరువాత వచ్చిన 2 గ్రాములలో 10 పాళ్లు ఉండవచ్చును. మొదటి బిడ్డకు 20 మిల్లీగ్రాముల మందు అంది సూది నొప్పి తగ్గకపోవును. రెండవ బిడ్డకు 200 మిల్లీగ్రాములు, అనగా ఉద్దేశించినదానికి రెండింతలు, పడును. నర్సు ఇద్దరికిని ఒకే కొలతతో పూసినది. తప్పు ట్యూబులో నున్నది. నిలుకడలేని లేపనమునకు మోతాదు అనునదే లేదు.

నిలుకడ పరీక్షలు

లేపనమును తయారుచేయు సంస్థ దానిని విక్రయించుటకు ముందు కొంతకాలము నిలువయుంచి పరీక్షింపవలెను. త్వరిత పరీక్షలో 40 డిగ్రీల వేడి, 75 శాతము గాలితేమ గల గదిలో 6 నెలలు ఉంచుదురు. దీనితోపాటు 30 డిగ్రీల వద్ద దీర్ఘకాల పరీక్షయు జరుగును. వేడికి, చలికి మార్చిమార్చి పెట్టి విరుగునేమో చూతురు. ప్రతి దశలోను రంగు, వాసన, పి.హెచ్., చిక్కదనము, మందు పరిమాణము, విచ్ఛిన్న పదార్థములు, సూక్ష్మజీవులు పరీక్షింపబడును. సూక్ష్మదర్శినిలో బిందువుల పరిమాణమును, స్ఫటికముల ఉనికిని చూతురు. ట్యూబు మొదటి భాగము, నడుమ, చివర మూడు చోట్ల మందు సమముగా నున్నదా యని కొలుచుట చాల ముఖ్యము.

పాత్ర కూడ పరీక్షలో భాగమే. అల్యూమినియము క్షారమునకు తినబడును. కావున క్షారపు లేపనమును పోయు ట్యూబు లోపల రక్షకపు పూత యుండవలెను. ట్యూబు నుండి తీసి వేరొక డబ్బాలో, కొబ్బరినూనె సీసాలో నింపినచో ఈ పరీక్షలన్నియు వ్యర్థమగును.

ఇట్టి పరీక్షలు ఇంటిలోగాని దుకాణపు వెనుక గదిలోగాని జరుగుటకు వీలులేదు. 1940 నాటి ఔషధములు, సౌందర్యసాధనముల చట్టము ప్రకారము విక్రయమునకై మందును తయారుచేయుటకు లైసెన్సు అవసరము. కొనువారు ట్యూబుపై తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ ఉన్నవో లేవో చూచి, బిల్లు తీసికొని భద్రపరచవలెను.

మందు నాణ్యమునకు సంబంధించిన జాగ్రత్త ఎంత అవసరమో బిలాస్‌పూరు జిల్లావారికి వేరుగా చెప్పనక్కరలేదు. 2014 నవంబరు 8వ తేదీన జిల్లాలోని ఒక కుటుంబనియంత్రణ శిబిరములో ఒకే దినమున 83 మంది స్త్రీలకు శస్త్రచికిత్స జరిగెను. పిమ్మట పదిమందికి పైగా మరణించిరి. శస్త్రచికిత్స జరిపిన విధముపైనను, ఇచ్చిన మాత్రల నాణ్యముపైనను తీవ్రమైన ప్రశ్నలు తలెత్తెను. కొన్ని మందుల వాడుకను రాష్ట్ర ప్రభుత్వము నిలిపివేసెను. అది లేపనమునకు సంబంధించిన విషయము కాకున్నను, మందు ఎచ్చట, ఎట్లు తయారైనదో అడుగుట రోగి హక్కు అని అది నేర్పుచున్నది.

వాడవలసిన విధము

ఈ లేపనమును వైద్యుని సలహాపై వాడవలెను. సూది గ్రుచ్చు చోట గాయము, పుండు, తామర లేని చర్మముపై దళసరిగా పూయవలెను, రుద్దరాదు. పైన గాలి చొరని పలుచని అంటుపొరను కప్పవలెను. ఆ పొర క్రింద చర్మము తేమగానుండి మందు సులభముగా దిగును. కనీసము 1 గంట ఆగవలెను. 1 గంటలో సుమారు 3 మిల్లీమీటర్ల లోతు వరకు, 2 గంటలలో 5 మిల్లీమీటర్ల వరకు మొద్దుబారును. పిమ్మట పొరను తీసి లేపనమును పూర్తిగా తుడిచి, చర్మమును శుభ్రపరచి, అప్పుడు సూది గ్రుచ్చవలెను. పూసిన చోట చర్మము తెల్లబడుటగాని ఎర్రబడుటగాని సామాన్యము. పూసిన వెంటనే సూది గ్రుచ్చి, మందు పనిచేయలేదనుట సరికాదు.

పెద్దలకు సిరలో సూది గ్రుచ్చుటకు 2.5 గ్రాములు, అనగా 5 గ్రాముల ట్యూబులో సగము, 20 నుండి 25 చదరపు సెంటీమీటర్ల మేర పూసిన చాలును. పిల్లల విషయమున ఈ క్రింది హద్దులు దాటరాదు. వయస్సు, బరువు రెండును సరిపోవలెను. బరువు తక్కువగా నున్నచో దానికి తగిన తక్కువ హద్దునే పాటింపవలెను.

3 నెలల లోపు శిశువునకు: మొత్తము 1 గ్రాము, 10 చ. సెం. మీ., 1 గంటకు మించరాదు.
3 నుండి 12 నెలల వరకు, 5 కిలోలు దాటిన శిశువునకు: 2 గ్రాములు, 20 చ. సెం. మీ., 4 గంటలకు మించరాదు.
1 నుండి 6 ఏండ్ల వరకు, 10 కిలోలు దాటిన బిడ్డకు: 10 గ్రాములు, 100 చ. సెం. మీ., 4 గంటలకు మించరాదు.
7 నుండి 12 ఏండ్ల వరకు, 20 కిలోలు దాటిన బిడ్డకు: 20 గ్రాములు, 200 చ. సెం. మీ., 4 గంటలకు మించరాదు.

ఇవి గరిష్ఠ హద్దులే గాని వాడవలసిన పరిమాణములు కావు. ఒక సూదికి చాల తక్కువ చాలును. నెలలు నిండక పుట్టిన శిశువులకు వైద్యుని ప్రత్యేక నిర్ణయము లేనిదే వాడరాదు. కన్నులలో, చెవి లోపల, నోటిలో పడనీయరాదు. బిడ్డ పొరను పీకి నోట పెట్టుకొనకుండ ఒకరు దగ్గర కూర్చుండవలెను.

రక్తమునకు కలుగు ప్రమాదము

ప్రిలోకెయిన్ శరీరములో మార్పుచెంది పుట్టించు ఆర్థో టొలుయిడీన్, రక్తమునందలి హీమోగ్లోబిన్‌లోని ఇనుమును మార్చివేయును. అట్లు మారిన మెథెమోగ్లోబిన్ ప్రాణవాయువును మోయలేదు. పెదవులు, గోళ్లు నీలి బూడిదవర్ణమగును. రక్తము చాక్లెట్ రంగులో కనబడును. దీనిని తిరిగి సరిచేయు శక్తి 3 నెలల లోపు శిశువులలో తక్కువ.

కొందరికి జి-6-పి-డి అను కిణ్వము పుట్టుకతోనే లోపించియుండును. వారికి ఈ ప్రమాదము ఎక్కువ. అంతేకాదు, మెథెమోగ్లోబిన్‌కు సాధారణముగా ఇచ్చు మిథిలీన్ బ్లూ అను విరుగుడు వీరికి హానికరము. కావున ఈ లోపము కలదని తెలిసినవారు ముందుగానే వైద్యునితో చెప్పవలెను. మలేరియాకు ప్రైమాక్విన్, కుష్ఠువ్యాధికి డాప్సోన్, మరియు సల్ఫా మందులు వాడుచున్నవారికిని ఈ జాగ్రత్త వర్తించును. అట్టి మందులను తీసికొనుచున్న ఏడాదిలోపు శిశువునకు ఈ లేపనమును పూయరాదు. కొడవలికణ రక్తహీనత గల బిడ్డకు ప్రాణవాయువును మోయు శక్తి మొదటనే తక్కువ కాబట్టి మోతాదు హద్దులను మరింత ఖచ్చితముగా పాటింపవలెను.

లిడోకెయిన్ అధికముగా రక్తములో చేరినచో పెదవులు మొద్దుబారుట, చెవులలో హోరు, మగత, కండరముల అదురు, తరువాత మూర్ఛ, గుండె లయ తప్పుట సంభవించును. ఈ లక్షణములలో ఏది కనబడినను వెంటనే లేపనమును తుడిచి, కడిగి, 108 వాహనమును పిలిచి ఆసుపత్రికి చేర్చవలెను. ట్యూబును కూడ వెంట తీసికొని పోవలెను.

కలుపుడు లేపనముల కథ

అమెరికా దేశములో జరిగిన ఒక విషాదము అందరికిని హెచ్చరిక. లేజరుతో రోమములను తీయించుకొనబోవు ముందు, దుకాణములలో కలిపి ఇచ్చిన అధిక బలముగల మొద్దుబార్చు లేపనములను కాళ్లనిండ పూసికొని, పైన ప్లాస్టిక్ పొరను చుట్టుకొనిన ఇద్దరు యువతులు మరణించిరి. వారి వయస్సు 22, 25 సంవత్సరములు. అచ్చటి ఆహార, ఔషధ పరిపాలనా సంస్థ 2006 డిసెంబరులో ఇట్టి లేపనములను కలిపి అమ్ముచున్న అయిదు ఔషధశాలలను హెచ్చరించెను. 2007 ఫిబ్రవరిలో ప్రజలకు ప్రకటన చేసెను. మందు అదే, పొరకప్పు అదే. సూది చోట నొప్పిని తీర్చిన ఆ రెండే, బలము పెరిగి, పూసిన మేర పెరిగినపుడు ప్రాణము తీసినవి.

పచ్చబొట్లకు, చెవులు కుట్టుటకు, రోమములు తీయుటకు బలమైన లేపనములను పేరూరు లేని డబ్బాలలో అమ్ముట మన పట్టణములందును జరుగవచ్చును. వానిని కొనరాదు. చిగుళ్ల నొప్పికని పసిపిల్లల నోట బెంజొకెయిన్ జెల్లును పూయరాదు. రెండేండ్ల లోపు వారికి దానివలన కలుగు మెథెమోగ్లోబిన్ ప్రమాదమును గూర్చి 2018లో అదే అమెరికా సంస్థ హెచ్చరించినది.

జ్ఞాపకముంచుకొనవలసినవి

లేపనమును 30 డిగ్రీలకు మించని చల్లని చోట, లేబిలుపై వ్రాసినట్లు ఉంచవలెను, గడ్డకట్టనీయరాదు. వేసవిలో కిటికీ దగ్గర, బండి పెట్టెలో వదలరాదు. నూనె వేరుపడిన, గరుకు తగిలిన, రంగు మారిన ట్యూబును పిండి కలిపి వాడరాదు; పారవేయవలెను. వేరొక క్రీముతో కలుపరాదు. వేరొక డబ్బాలోనికి మార్చరాదు. ఎక్కువ పూసినచో ఎక్కువ మేలు కలుగదు. సరియైన కాలము వేచియున్నచో మేలు కలుగును. మందువలన కీడు కలిగెనని అనుమానము కలిగిన యెడల వైద్యునికి తెలుపుటతోపాటు, జాతీయ ఔషధ భద్రతా కార్యక్రమము వారి 1800-180-3024 అను ఉచిత ఫోను సంఖ్యకు తెలియజేయవచ్చును.

అభ్యాసము

1. సూదిమందుకు లవణరూపమును, లేపనమునకు క్షారరూపమును ఎన్నుకొనుటకు కారణమేమి?
2. లిడోకెయిన్, ప్రిలోకెయిన్ పొడులు కలిసినపుడు నూనెయగుటవలన లేపనమునకు కలిగిన లాభములేవి?
3. పి.హెచ్. 9.4 వద్ద లేపనమును నిలుపుట చేయు మూడు పనులను వ్రాయుము.
4. విరిగిన లేపనమును ట్యూబులోనే నలిపి వాడిన యెడల బిడ్డకు కలుగు రెండు విధములైన నష్టములను వివరింపుము.
5. ఎనిమిది నెలల వయస్సు, 4 కిలోల బరువు గల శిశువునకు ఏ హద్దు వర్తించును? ఎందుచేత?